మ్యూనిక్ సన్యాసి: చిహ్నమా, రాజముద్రా, లాంఛనమా?

సందేహం: మేము మ్యూనిక్‌లో ఉంటున్నాం. ఇక్కడి తెలుగు పిల్లల కోసం ఈ ఊరి 'కోట్ ఆఫ్ ఆర్మ్స్', అంటే డాలు ఆకారంలో ఉండే ఊరి గుర్తు, గురించి రాస్తున్నాను. దాన్ని 'ఆయుధాల కోటు' అనమని ఒకరు, 'రాజముద్ర' అనమని ఇంకొకరు అంటున్నారు. ఏది సరైనది? అందులో ఉన్నది సన్యాసా, చిన్నపిల్లా?

సమాధానం: 'ఆయుధాల కోటు' మాత్రం వద్దమ్మా. ఆ మాట చదివితే పిల్లలకు తొడుక్కునే కోటు గుర్తొస్తుంది తప్ప ఊరి గుర్తు తట్టదు. మధ్యయుగాల్లో యూరప్ యోధులు ముఖం కూడా కనబడకుండా ఇనుప కవచం వేసుకునేవారు. ఎవరు ఎవరో తెలియడానికి డాలు మీద, కవచంపై తొడిగే గుడ్డ అంగీ మీద తమ గుర్తు వేయించుకునేవారు. ఇంగ్లీషు మాటలోని కోటు ఆ అంగీయే. జర్మన్‌లో దీన్ని 'వాపెన్' అంటారు. ఆయుధమనే అర్థమున్న 'వాఫె' దీనికి తోబుట్టువు.

తెలంగాణ చిహ్నాన్ని పేపర్లలో 'రాజముద్ర' అని రాస్తున్నారు కాబట్టి ఆ మాట మీ దాకా వచ్చి ఉంటుంది. కానీ మీరు రాస్తున్నది ఊరి గుర్తు గురించి, రాజుది కాదు. పైగా ముద్ర అంటే మైనం మీదో లక్క మీదో ఒత్తితే పడేది. 1239 నాటి మ్యూనిక్ ముద్ర మీద ముసుగు కప్పుకున్న సన్యాసి తల ఉంది. దాన్ని చెప్పేటప్పుడు మాత్రం 'నగర ముద్ర' అనే రాయండి.

మిగతా చోట్ల నాకు నచ్చే మాట 'లాంఛనం'. పెళ్లి లాంఛనాలు, ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు అని వినీ వినీ దాని అసలు అర్థం మరుగున పడింది. లాంఛనమంటే గుర్తు. వేంగి చాళుక్యుల రాగి శాసనాల ముద్రల మీద ఉండే వరాహం వారి లాంఛనమే. వరాహం బొమ్మ వల్లే బంగారు నాణేనికి 'వరాహ' అనే పేరొచ్చింది. ఇంత చక్కటి మాట ఉండగా కొత్తది కల్పించుకోనక్కర్లేదు. పిల్లలకు బరువనిపిస్తే 'నగర చిహ్నం' అన్నా తప్పులేదు.

ఇక అందులో ఉన్నది సన్యాసే. 1158లో బార్బరోసా చక్రవర్తి ఇచ్చిన తీర్పుపత్రంలో ఈ ఊరి పేరు 'మునిఖెన్'. 'సన్యాసుల దగ్గర' అని దాని అర్థం. మన 'ముని' ఇందులో ఉన్నాడని మాత్రం పిల్లలకు చెప్పకండి. జర్మన్ 'మ్యోంష్' ఒంటరి అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చింది, మన ముని సంస్కృతం. శబ్దాలు కలిశాయి, అంతే. బెర్లిన్ నగర చిహ్నంలోని ఎలుగుబంటిదీ ఇలాంటి సంగతే. పేరులో 'బేర్', అంటే ఎలుగు, వినబడుతుంది కానీ ఆ పేరుకు మూలం చిత్తడినేల అనే స్లావ్ మాట అని పండితులు చెబుతారు.

తెల్లటి డాలు మీద బంగారు అంచున్న నల్ల అంగీ, ఎర్ర చెప్పులు, ఎడమ చేతిలో ఎర్ర పుస్తకం, పైకెత్తిన కుడి చెయ్యి: ఇదీ ఆ సన్యాసి రూపం. చిత్రకారుల చేతుల్లో శతాబ్దాల తరబడి ఆ ముఖం లేతబడి పసిముఖమైంది. అందుకే ఊరివాళ్లు 'మ్యూన్షనర్ కిండ్ల్', అంటే మ్యూనిక్ బుజ్జాయి, అని ముద్దుగా పిలుస్తారు. ఈ ఊళ్లో ఏటా జరిగే బీరు పండుగ అక్టోబర్‌ఫెస్ట్ ఊరేగింపులో ఆ వేషంలో గుర్రమెక్కి ముందు సాగేది ఒక యువతి.

కాబట్టి బొమ్మ కింద ఇలా రాయండి: 'మ్యూనిక్ నగర లాంఛనం. ఇందులోని సన్యాసిని ఊరివాళ్లు బుజ్జాయి అంటారు.'