క్యోటో గుళ్ళకు ఒంటరిగా బయల్దేరుతున్న సుధకు

చిరంజీవి సుధకి, పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు ఒక్కదానివే జపాన్‌లోని క్యోటో వెళ్తున్నావని మీ అమ్మ గొప్పగా చెప్పింది, ఆ వెంటనే గొంతు తగ్గించి "నువ్వైనా నాలుగు ముక్కలు చెప్పక్కా" అంది. నాకూ గర్వంగానే ఉంది. దిగులు మాత్రం నువ్వు పంపిన పట్టిక చూశాక పుట్టింది. ప్రశాంతమైన గుళ్ళు చూడాలని రాశావు, దాని కిందే ఒక్క రోజుకి ఐదు పేర్లు పెట్టావు: కియోమిజుదెరా, గింకాకుజి, కింకాకుజి, ర్యోఆంజి, ఫుషిమి ఇనారి. ఇదేం పట్టికే తల్లీ!

మొదటిసారి వెళ్ళే మనవాళ్ళందరూ చేసే తప్పే ఇది. మన గుళ్ళు పొద్దున్నే తెరిచి, మధ్యాహ్నం మూసి, సాయంత్రం దీపాల వేళకు మళ్ళీ తెరుస్తారు. అక్కడ లెక్క తిరగబడుతుంది. మధ్యాహ్నమంతా తెరిచే ఉంచి, చాలాచోట్ల నాలుగున్నరకో ఐదింటికో మూసేస్తారు. టికెట్టు కిటికీ సాధారణంగా దానికి అరగంట ముందే మూతపడుతుంది. కాబట్టి నీ అసలు గడువు నాలుగు గంటలనుకో. భోజనం చేసి, కాసేపు నడుం వాల్చి, ఎండ తగ్గాక పోదామనుకున్నవాళ్ళకి గడియ వేసిన గేటే దక్కుతుంది.

ఇప్పుడు నీ ఐదింటినీ పటం మీద పెట్టి చూడు. గింకాకుజి ఊరికి ఈశాన్యాన, కింకాకుజి వాయవ్యాన ఉన్నాయి. రెండింటి మధ్యా రైలు లేదు, బస్సే గతి. రోడ్డు ఖాళీగా ఉన్నా అరగంట దాటుతుంది. పెట్టెలతో ఎక్కేవాళ్ళుంటే ఇంకా ఆలస్యం. ఇనారి మందిరం దక్షిణాన మరో మూల. ఉన్న ఏడు గంటల్లో మూడు బస్సులో నిలబడే పోతాయి. మిగతా నాలుగు గంటలూ జనం భుజాల మీంచి ఫొటోలు తీసుకుంటూ గడుస్తాయి. పైగా ఆలస్యమైపోతోందని పరుగెత్తుకుంటూ గుళ్ళోకి అడుగుపెట్టే మనిషికి, ఆ గుడి ఎంత నిశ్శబ్దంగా ఉన్నా ఒకటే.

ఆ ఊళ్ళో సుమారు 1600 బౌద్ధాలయాలున్నాయి. జనమంతా ఓ పది చోట్లే తోసుకుంటారు. అందుకని రోజుకో పేట పెట్టుకో. బస్సు మానేసి రైలెక్కు, మిగతాది నడువు.

ఒకరోజు దైతోకుజి. కరాసుమా సబ్‌వేలో కితాఓజి స్టేషన్‌లో దిగి పావుగంట, ఇరవై నిమిషాలు నడవాలి. అదొక గుడి కాదు, ప్రహరీల మధ్య ఇరవైకి పైగా చిన్న గుళ్ళున్న ఆవరణ. అన్నీ తెరవరు. తెరిచేవాటిలో ర్యోగెన్-ఇన్, జుయిహో-ఇన్, దైసెన్-ఇన్ చాలు. ఒక్కోదానికి ముప్పావుగంట ఇవ్వు. జుయిహో-ఇన్‌ని కట్టించిన ప్రభువు తర్వాత క్రైస్తవం తీసుకున్నాడు. 1961లో తోటల రూపశిల్పి షిగెమొరి మిరెయి అక్కడి తోటలో రాళ్ళని శిలువ వరసలో పేర్చాడు. చెప్పకపోతే కళ్ళకి ఆనదు, కూర్చుని వెతుక్కో. దైసెన్-ఇన్‌లో ఫొటోలు తీయనివ్వరు, ఫోను సంచిలో పడెయ్.

ఇంకోరోజు దెమాచియానాగి స్టేషన్ నుంచి ఎయిజాన్ రైల్లో ఇచిజోజి స్టేషన్‌కి వెళ్ళు. అక్కణ్ణుంచి ఎగువకి పావుగంట నడిస్తే 1641లో కట్టిన షిసెన్‌దో. తోటలో నీళ్ళు నిండిన వెదురుబొంగు ఒరిగి, ఖాళీ అయి, వెనక్కి పడి రాతిని టక్కున కొడుతుంటుంది. అడవి జంతువుల్ని బెదరగొట్టడానికి పుట్టిన పనిముట్టది. దాని పక్కనే ఎంకోజి. కాళ్ళు సహకరిస్తే మాన్‌షు-ఇన్ దాకా వెళ్ళు, లేకపోతే మానెయ్. గింకాకుజి దగ్గరున్న హోనెన్-ఇన్ గుడి ఆవరణకి టికెట్టు లేదు. గడ్డి కప్పు గేటు దాటగానే రెండు తెల్లటి ఇసుక దిబ్బలుంటాయి, వాటి మధ్యనుంచి నడవాలి, అంతే. ముట్టుకోకు.

సైహోజి గుడిలోని నాచుతోట మీద మనసుంటే ఇవాళే దరఖాస్తు పెట్టు. 1977 నుంచి ముందుగా రాసుకున్నవాళ్ళనే రానిస్తున్నారు. గేటు దగ్గర బతిమాలుకుని లాభం లేదు.

డబ్బు నోట్లూ చిల్లరా దగ్గరుంచుకో. చిన్న గుళ్ళలోనూ టికెట్టు తీసుకోవాలి, కార్డు చెల్లని చోట్లే ఎక్కువ. సిటీ బస్సు ఎక్కక తప్పకపోతే వెనక తలుపున ఎక్కి ముందు తలుపున దిగేటప్పుడు డబ్బివ్వాలి. డబ్బులు వేసే పెట్టె తిరిగి చిల్లర ఇవ్వదు, పక్కనున్న యంత్రంలో ముందే మార్చుకో. బస్సుకి మాత్రమే పనికొచ్చే ఒకరోజు పాసు 2024 మార్చితో పోయింది, పాత సలహాలు చదివి దానికోసం వెతక్కు. బస్సూ సబ్‌వే కలిసిన పాసుంది, కానీ నువ్వు నడిచే రోజున దాని ఖరీదు గిట్టదు.

చెప్పుల సంగతి. తాళ్ళ బూట్లు వద్దు, రోజుకి ఎనిమిదిసార్లు విప్పాలి. మేజోళ్ళు చిరుగు లేనివి తొడుక్కో. చలికాలం ఆ చెక్క నేల అరికాళ్ళ నుంచి ప్రాణం లాగేస్తుంది, రెండు జతలు వేసుకో. నవ్వకు, చలికి నీ కాళ్ళు పగుళ్ళుబారడం నేనెరుగుదును. గుమ్మం మీద అడుగు పెట్టకు, దాటు. వాళ్ళిచ్చిన చెప్పులతో చాప మీద ఎక్కకు. వీపు సంచి ముందుకి తిప్పుకో, నువ్వు చటుక్కున తిరిగావంటే వందల ఏళ్ళ నాటి బొమ్మలు వేసిన తలుపుకి తగులుతుంది. దారి మధ్యలో నల్లతాడు కట్టిన చిన్న రాయి కనిపిస్తే అక్కడితో ఆగు, అటు రావద్దని దాని అర్థం. గొలుసూ లేదు, బోర్డూ లేదు కదా అని దాటేవాళ్ళున్నారు.

బుద్ధుడి ముందు చేతులు జోడిస్తే చాలు. చప్పట్లు జపాన్ సొంత మతమైన షింతో మందిరాల్లోనే కొడతారు. కర్పూరం, కొబ్బరికాయ ఇంట్లోనే ఉంచు.

ఇక నా భయం. డిసెంబరులో అక్కడ ఐదు కాకముందే పొద్దు గుంకుతుంది, కొండవార వీధుల్లో దీపాలు తక్కువ. నాలుగున్నరకల్లా స్టేషన్ వైపు తిరుగు. ఫోను చార్జింగు అయిపోతే ఎలా అని నన్ను అడక్కు, బ్యాటరీ ఒకటి వెంట తీసుకెళ్ళు, హోటల్ పేరు జపనీసులో రాయించిన చీటీ విడిగా జేబులో పెట్టుకో. అది చూపిస్తే టాక్సీవాడు తీసుకెళ్తాడు. టాక్సీ తలుపు దానంతటదే తెరుచుకుంటుంది, లాగకు.

మీ పెద్దమ్మ