జుట్టు బిళ్ళ, డి3 పాకెట్, ఎర్రక్షరాల రిపోర్టు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో ఒకటే బాధ. విటమిన్లు వాడుతున్నాం, టెస్ట్ చేయిస్తే రిపోర్టులో అక్కడక్కడా ఎర్రగా వచ్చింది, ఇప్పుడేం చెయ్యాలి అని. అందులో మూడు తీసుకున్నా. కొత్తగా చదివేవాళ్ళకి ఒక మాట, నేను బయోకెమిస్ట్రీ చదువుకుని ఈ డెల్టా ఊళ్ళల్లోనే ఆస్పత్రి ల్యాబుల్లో పాతికేళ్ళు పనిచేసినదాన్ని, మందు రాసే డాక్టర్ని కాదు. రిపోర్టు ఎలా చదవాలో చెప్తాను, మందు మాత్రం మీ డాక్టరు గారే చెప్పాలి.

ప్రశ్న: నమస్తే మేడమ్ గారూ. మాది రాజోలు దగ్గరండి, వయసు 41, ఇంట్లోనే టైలరింగ్ చేస్తాను. పోయినేడు జ్వరం వచ్చి తగ్గాక జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడిపోతుంటే మెడికల్ షాపులో జుట్టుకి బిళ్ళలిచ్చారు, డబ్బా మీద బయోటిన్ 10,000 మైక్రోగ్రాములు అని ఉంది, ఏడు నెలల నుంచి రోజూ వేసుకుంటున్నా. నీరసం అంటే మా ఊరి ఆర్‌ఎంపీ గారు బి12 ఇంజక్షన్లు ఐదు చేశారు, వారానికొకటి చొప్పున డి3 పాకెట్ కూడా తాగుతున్నా. మొన్న ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్ళే ఫుల్ బాడీ ప్యాకేజీ చేయించుకుంటే టీఎస్‌హెచ్ 0.03 వచ్చిందండి, ఫ్రీ టీ4 రేంజ్ 0.9 నుంచి 1.7 అయితే నాకు 3.4 వచ్చింది, విటమిన్ డి 92, బి12 అయితే 2000కి పైన అని రాశారు. థైరాయిడ్ ఎక్కువైపోయింది, వెంటనే బిళ్ళ మొదలెట్టాలి అంటున్నారు. నాకు గుండె దడ లేదు, చేతులు వణకట్లేదు, బరువు తగ్గలేదు సరికదా రెండు కిలోలు పెరిగాను. బి12 అంతుంటే విషం అవుద్దా? చాలా భయంగా ఉందండి.

జవాబు: చెల్లెమ్మా, ముందు ఊపిరి పీల్చుకో. నీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన మాట ఆ డబ్బా మీద రాసింది చూసి రాశావు చూడు, అది. చాలామంది "ఏవో బిళ్ళలండి" అని వదిలేస్తారు.

10,000 మైక్రోగ్రాములంటే 10 మిల్లీగ్రాములు. బయోటిన్ అంటే ఒక బి విటమిన్, ఒంటికి రోజుకి కావాల్సింది 30, 40 మైక్రోగ్రాములు, అది కోడిగుడ్డు పచ్చసొనలోనూ వేరుశెనగ గుళ్ళలోనూ మామూలు తిండిలోనూ వచ్చేస్తుంది, అసలు బయోటిన్ లోపం ఉన్న మనుషులు చాలా అరుదు. నువ్వు రోజూ మింగుతున్నది దానికి రెండొందల యాభై రెట్లకి తక్కువ కాదు. అది ఒంటికి పెద్దగా హాని చెయ్యదు, కానీ టెస్టుని పాడుచేస్తుంది.

టీఎస్‌హెచ్ అంటే థైరాయిడ్‌ని పనిచెయ్యమని తోసే హార్మోను, టీ4 అంటే థైరాయిడ్ తయారుచేసే హార్మోను, థైరాయిడ్ ఎక్కువైతే మొదటిది పడిపోతుంది, రెండోది పెరుగుతుంది. ఇప్పుడు మెషిన్‌లో ఏం జరుగుతుందో చెప్తా విను. చాలా థైరాయిడ్ కిట్లలో బయోటిన్నే కొక్కెంలాగా వాడతారు. కిట్‌లో హార్మోనుని పట్టుకునే యాంటీబాడీ అనే ప్రోటీన్‌కి బయోటిన్ తగిలించి ఉంటుంది, స్ట్రెప్టావిడిన్ అనే ప్రోటీన్ దాన్ని పట్టుకుంటుంది, ఈ రెండూ ఒకసారి అతుక్కుంటే ఇంక విడిపోవు. నీకు అర్థమయ్యేలా చెప్పాలంటే సఖినేటిపల్లి రేవు నుంచి గోదావరి దాటించి నర్సాపురంలో దింపే పంటు అనుకో. నీ రక్తంలో తిరుగుతున్న బయోటిన్ అంతా ముందే వచ్చి పంటు నిండా ఎక్కేసింది, టీఎస్‌హెచ్‌ని వెంటబెట్టుకొచ్చిన యాంటీబాడీలకి చోటు లేక ఒడ్డునే ఉండిపోయాయి, తర్వాత కడిగేటప్పుడు కొట్టుకుపోయాయి. మెషిన్ నర్సాపురం ఒడ్డున దిగినవాళ్ళనే లెక్కపెడుతుంది కాబట్టి టీఎస్‌హెచ్ దాదాపు లేదు అని రాసింది. టీ4 టెస్టులో లెక్క తిరగేసి ఉంటుంది, అక్కడ దిగినవాళ్ళు తక్కువైతే హార్మోను ఎక్కువుంది అని అర్థం, అందుకని అది పెరిగినట్టు కనపడింది. ఒకటి తగ్గి ఒకటి పెరిగేసరికి రెండు తప్పులూ ఒకదానికొకటి సాక్ష్యం చెప్పినట్టయింది, చూసినవాళ్ళెవరికైనా థైరాయిడ్ ఎక్కువైపోయిందనే అనిపిస్తుంది. అన్ని మెషిన్లలో ఇలా జరగదు, కిట్ పద్ధతిని బట్టి ఉంటుంది, అందుకే ఒక ల్యాబులో ఒకలా ఇంకో ల్యాబులో ఇంకోలా వచ్చి జనం ల్యాబుల్ని తిట్టుకుంటారు.

నీకు నిజంగా థైరాయిడ్ లేదు అని నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. కానీ దడ లేదు, వణుకు లేదు, బరువు పెరిగావు, ఇవన్నీ చూస్తుంటే ఆ కాగితం మీద నాకు అనుమానంగా ఉంది. అమెరికా థైరాయిడ్ డాక్టర్ల సంఘం టెస్టుకి ముందు కనీసం రెండు రోజులు బయోటిన్ ఆపమంటుంది. నీది పెద్ద డోసు కాబట్టి వారం రోజులు ఆపు, జుట్టు బిళ్ళ వారం మానేస్తే కొంపలేం మునగవు. ఆపి, అదే ల్యాబులో మళ్ళీ టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 చేయించు, రక్తం తీసే అబ్బాయికి నేను బయోటిన్ వాడేదాన్ని, ఫలానా రోజు ఆపాను అని చెప్పి ఫారం మీద రాయించు. అప్పుడు కూడా ఇలాగే వస్తే అది నిజమే, ఎండోక్రైనాలజీ (హార్మోన్ల) డాక్టరు దగ్గరకి వెళ్ళాలి. ఈలోగా దడ, ఆయాసం లాంటివి వస్తే మాత్రం వారం చూడకుండా వెంటనే వెళ్ళిపో. అంతవరకు థైరాయిడ్ తగ్గించే బిళ్ళ మొదలెట్టొద్దు తల్లీ. ఆ మందుతో ఒక్కోసారి తెల్లకణాలు ప్రమాదంగా పడిపోతాయి, రోగం లేని మనిషికి ఆ ప్రమాదం ఎందుకు?

ఇదే బయోటిన్ గురించి ఇంకో మాట, ఇది ఇంట్లో అందరూ వినాలి. గుండెనొప్పి వస్తే చేసే ట్రోపోనిన్ టెస్టుని కూడా కొన్ని కిట్లలో బయోటిన్ తక్కువ చేసి చూపిస్తుంది, అంటే గుండెపోటు ఉన్నా లేనట్టు వస్తుంది. అమెరికాలో మందుల మీద నిఘా ఉంచే ఎఫ్‌డీఏ 2017లో దీని మీద హెచ్చరిక ఇచ్చినప్పుడు ఒక మనిషి చనిపోయిన సంగతి కూడా చెప్పింది. ఛాతీనొప్పితో ఆస్పత్రికి వెళ్తే జుట్టు బిళ్ళ గురించి ఎవరికి గుర్తొస్తుంది చెప్పు, గుర్తుపెట్టుకుని చెప్పాలి.

ఇక బి12. ఇంజక్షన్ చేయించుకున్నాక 2000 రావడం వింత కాదు, రాకపోతేనే వింత. విషమేం కాదు, ఎక్కువైంది మూత్రంలో పోతుంది. కాకపోతే ఇప్పుడా అంకె చూసి నీకు ముందు లోపం ఉందో లేదో ఎవరూ చెప్పలేరు, మొదటి ఇంజక్షన్‌కి ముందే రక్తం తియ్యాల్సింది, ఆ అవకాశం పోయింది. ఏ బిళ్ళా ఏ ఇంజక్షనూ లేకుండా బి12 అంత ఎక్కువొస్తే మాత్రం లివరు, రక్తకణాల సంగతి చూపించుకోవాలి, అది వేరే కథ.

విటమిన్ డి 92 దగ్గర నాకు కొంచెం బెంగ ఉంది. 20 లోపు లోపం, 30 దాటితే చాలు, 100 దాటితే జాగ్రత్త, 150 దాటితే విషం కింద లెక్క. ఇవన్నీ నానోగ్రాముల లెక్కలు. కొన్ని రిపోర్టుల్లో నానోమోల్స్‌లో ఇస్తారు, అప్పుడు రెండున్నర రెట్లు పెద్ద అంకె కనపడుతుంది, 75 అన్నా మన 30 అన్నా ఒకటే, అందుకని అంకె పక్కన యూనిట్ చూడు. ఆ పాకెట్‌లో 60,000 యూనిట్లు ఉంటాయి, రోజువారీ అవసరం 600 దగ్గర. మామూలుగా వారానికొకటి చొప్పున 8 వారాలు ఇచ్చి తర్వాత నెలకొకటి చేస్తారో ఆపేస్తారో డాక్టరు చూస్తారు. నువ్వు ఎన్ని వారాలు తాగావో రాయలేదు. ఇప్పటికి ఆపు, డి ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీ మీద పడుతుంది కాబట్టి కాల్షియం, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే టెస్టు) ఒకసారి చేయించు, విటమిన్ డి మూడు నెలల తర్వాత చూస్తే చాలు, అది ఒంట్లోంచి నెమ్మదిగా దిగుతుంది.

ఎందుకింత చెప్తున్నానంటే మా ఇంట్లో జరిగింది. మా పెద్దమ్మకి ఒక చోట ఈ పాకెట్లు రాసిచ్చారు, చీటీ మీద వారానికి అని ఉన్నది షాపులో ఇచ్చినాయనకి అర్థం కాలేదో ఆవిడే తప్పు విన్నదో, రోజూ పొద్దున్నే పాలల్లో కలుపుకు తాగింది. నెలన్నర. ఒకటే దాహం, రాత్రి ఏడెనిమిదిసార్లు లేవడం, మలబద్ధకం, అన్నం చూస్తే వాంతి, ఆఖరికి మా పెదనాన్నని పట్టుకుని "ఎవరండీ మీరు" అంది. మేమంతా సుగరనుకున్నాం. నేను వెళ్ళి వంటింట్లో చూస్తే గూట్లో పంచదార డబ్బా వెనకాల ఖాళీ పాకెట్లు ముప్పై దాకా రబ్బరు బ్యాండు వేసి దాచుంది, పొదుపు మనిషి, కవర్లు కూడా పారెయ్యదు. అవి చూశాక కాల్షియం చేయిస్తే 13.8, పదిన్నర దాటకూడనిది. సెలైన్లు పెట్టి తగ్గించేసరికి పది రోజులు పట్టింది, కిడ్నీ పూర్తిగా తేరుకోవడానికి ఇంకా చాలా రోజులు. అన్ని ఏళ్ళు ల్యాబులో ఉండి కూడా ఫోన్లో ఒక్కసారి "పెద్దమ్మా, ఏం వేసుకుంటున్నావ్" అని అడగలేదు నేను, అది ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంటుంది.

జుట్టు సంగతి అడగలేదు గానీ చెప్తా, గట్టి జ్వరం తర్వాత రెండు మూడు నెలలకి జుట్టు రాలడం మామూలే, చాలామందికి దానంతటదే తిరిగొస్తుంది. హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) చూపించుకో, మన ఆడవాళ్ళకి తరచుగా లోటు అక్కడే ఉంటుంది.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది భీమవరం పక్కన, రొయ్యల చెరువులు చేస్తాం, వయసు 58. పదకొండేళ్ళ నుంచి సుగరుకి మెట్‌ఫార్మిన్ వాడుతున్నా. అరికాళ్ళు రాత్రిపూట మంటలు, చెరువు గట్టు మీద నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియట్లేదండి. బి12 చేయిస్తే 245 వచ్చింది, రేంజ్ 200 నుంచి 900 కాబట్టి నార్మలే అన్నారు, హిమోగ్లోబిన్ 13.4 బాగానే ఉందన్నారు. ఫోలిక్ యాసిడ్ ఉన్న మల్టీవిటమిన్ రెండు నెలల నుంచి వేసుకుంటున్నా, అందులో కొంచెం బి12 కూడా ఉంది. మరి నార్మలైతే మంట ఎందుకండి?

జవాబు: అన్నయ్య గారూ, చెప్పు జారినా తెలియట్లేదు అన్నారు చూడండి, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. గట్టు మీద నత్తగుల్ల గుచ్చుకున్నా తెలీదు, సుగరున్న కాలికి అలాంటి చిన్న గాయమే పెద్దదవుతుంది. ముందు ఒట్టి కాళ్ళతో గట్టెక్కడం మానండి, రోజూ రాత్రి అరికాళ్ళు అద్దంలోనో పిల్లల చేతో చూపించుకోండి.

మెట్‌ఫార్మిన్ మంచి మందే, మీ అంతట మీరు ఆపొద్దు, కానీ ఏళ్ళ తరబడి వాడితే పేగుల్లో బి12 ఒంటికి పట్టడం తగ్గుతుంది. 200కీ 300కీ మధ్య వచ్చింది అంటే అది నార్మల్ కాదు, అనుమానం. రక్తంలో తిరిగే బి12లో ఎక్కువ భాగం కణాలకి అందని రూపంలోనే ఉంటుంది, పైగా మీరు రెండు నెలల నుంచి బిళ్ళ వేసుకుంటున్నారు, ఆ 245లో బిళ్ళ వాటా ఎంతో మీకూ నాకూ తెలీదు. హిమోగ్లోబిన్ బాగుంది కదా అని ధైర్యపడటానికీ లేదు, ఫోలిక్ యాసిడ్ వేసుకుంటే రక్తం బాగుపడినట్టు కనపడుతుంది, నరాల పాడు మాత్రం లోపల అలాగే సాగుతుంది. అందుకే బి12 లేకుండా ఫోలిక్ యాసిడ్ ఒక్కటే నెలల తరబడి వాడకూడదంటారు.

హోమోసిస్టీన్, కుదిరితే మిథైల్ మలోనిక్ యాసిడ్ చేయించండి. బి12 కణాలకి అందకపోతే ఈ రెండూ పెరుగుతాయి. కిడ్నీ మందగించినా పెరుగుతాయి కాబట్టి క్రియాటినిన్ కూడా పక్కన ఉండాలి. ఖర్చెక్కువ అనిపిస్తే మీ డాక్టరు గారిని అడగండి, మీలాంటివాళ్ళకి టెస్టు కోసం చూడకుండా నేరుగా బి12 మొదలెట్టేవాళ్ళూ ఉన్నారు, తప్పు లేదు. సుగరు వల్ల కూడా ఇదే మంట వస్తుంది, రెండూ కలిసి ఉండొచ్చు కూడా. ఆలస్యం చేస్తే నరం తిరిగి రాదు, రొయ్యల పట్టుబడి అయ్యాక చూద్దాం అనుకోవద్దు, ఈ వారమే వెళ్ళండి.

ఇంకోటి, సి విటమిన్ చప్పరించే బిళ్ళలు ఎక్కువగా వాడితే మూత్రంలో సుగరు చూసే స్ట్రిప్పు సుగరున్నా లేదని చూపించొచ్చు. మీరు స్ట్రిప్పు నమ్ముకుని ఉంటే మానేసి రక్తం టెస్టే చేయించుకోండి.

ప్రశ్న: అమ్మా, నేను తణుకులో డిగ్రీ ఫైనలియర్. హిమోగ్లోబిన్ 8.9 ఉంటే ఐదు వారాలుగా ఐరన్ బిళ్ళ వేసుకుంటున్నా, ఇప్పుడు 10.3. కానీ సీరం ఐరన్ 190, ఎక్కువ అని ఎర్రగా వచ్చింది, ఫెర్రిటిన్ 8 తక్కువ అని వచ్చింది. ఆ రోజు పొద్దున బిళ్ళ వేసుకునే వెళ్ళాను. ఐరన్ ఎక్కువైపోయింది ఆపెయ్యమంటోంది అమ్మ, విరేచనం కూడా నల్లగా అవుతోంది.

జవాబు: ఆపొద్దు అమ్మలూ. పొద్దున మింగిన బిళ్ళే ఆ 190. సీరం ఐరన్ అంటే ఆ గంటకి రక్తంలో పోతున్నది, కాలవలో నీళ్ళ లాంటిది, లాకు ఎత్తితే పెరుగుద్ది దించితే తగ్గుద్ది. ఫెర్రిటిన్ ఇంట్లో గాదె. నీ గాదెలో ఇంకా ఏమీ లేదు, 8 అంటే ఖాళీ కిందే లెక్క. అమ్మకి ఇదే చెప్పు. హిమోగ్లోబిన్ ఐదు వారాల్లో ఒకటిన్నర దాకా పెరిగింది, మందు పనిచేస్తోంది, అది 12 దాటాక కూడా గాదె నిండటానికి ఇంకో మూడు నెలలు వాడమంటారు. నల్లగా అవడం బిళ్ళ వల్లే, తారులాగా జిగటగా వాసనొస్తే మాత్రం డాక్టరుకి చెప్పు. బిళ్ళకి గంట ముందూ గంట తర్వాతా టీ తాగకు, కాల్షియం బిళ్ళతో కలపకు, జామకాయో నిమ్మరసమో తీసుకో. నెలసరిలో బాగా ఎక్కువ పోతోందా? నువ్వు రాయలేదు. అలా అయితే లేడీ డాక్టరుకి చూపించుకోవాలి, లేకపోతే ఎంత పోసినా నిలవదు.

మళ్ళీ టెస్టుకి వెళ్ళేటప్పుడు ముందురోజు పొద్దుట్నుంచి బిళ్ళ మానేసి, పరగడుపున వెళ్ళు. జ్వరం గానీ దగ్గు గానీ ఉంటే తగ్గాక వెళ్ళు, జ్వరంలో ఫెర్రిటిన్ లేని బలం చూపిస్తుంది. ఎంత వచ్చిందో నాకు రాయి.