ల్యాబులో వాల్‌పేపర్ సగం లాగిన్లకే మారతా ఉంటే

ఉబుంటు (లినక్స్) ల్యాబులో అందరికీ ఒకే వాల్‌పేపర్ పెడితే సగం లాగిన్లకే మారతా ఉందన్నావు, ఆ మిగతా లాగిన్లలో డార్క్ మోడ్ ఆన్ అయి ఉంటది అన్నా. కావలి కాలేజీ ల్యాబులో డీకాన్ఫ్ (డెస్క్‌టాప్ సెట్టింగులు ఉండేది) ఫైల్లో పిక్చర్-యూఆర్ఐ, అంటే వాల్‌పేపర్ ఫొటో ఎక్కడుందో చెప్పే లైన్ మార్చినా అన్నావు గదా, అది లైట్ మోడ్‌కి మాత్రమే. ఉబుంటు 22.04 లో వచ్చే గ్నోమ్ 42 (ఉబుంటు డెస్క్‌టాప్) నించి డార్క్‌కి పిక్చర్-యూఆర్ఐ-డార్క్ అని వేరే లైన్ ఉండాది, దాదాపు అందరూ మర్చిపోయేది దీన్నే.

1. అదే ఫైల్లో, అదే బ్యాక్‌గ్రౌండ్ సెక్షన్ కింద ఆ డార్క్ లైన్ కూడా రాయి. రెండిటికీ ఒకే ఫొటో ఇచ్చినా పర్లేదు, కాకపోతే నువ్వు పెట్టే మైపాడు బీచ్ ఫొటో మరీ తెల్లగా ఉంటే డార్క్‌కి సాయంత్రం తీసింది వెయ్యి, కళ్లకి హాయి.
2. ఫొటో నీ హోమ్‌లో ఉంచబాక. 21.04 నించి ఉబుంటులో కొత్త యూజర్ల హోమ్ ఫోల్డర్ ఇంకొకరికి తెరుచుకోదు. యూఎస్ఆర్ ఫోల్డర్లో షేర్, దాంట్లో బ్యాక్‌గ్రౌండ్స్ ఫోల్డర్లో (/usr/share/backgrounds) పెట్టు, అందరికీ రీడ్ పర్మిషన్ ఉండాల.
3. టెర్మినల్‌లో సూడోతో (అడ్మిన్ హక్కులతో) డీకాన్ఫ్ అప్‌డేట్ (sudo dconf update) కొట్టి, లాగౌట్ అయి మళ్లీ రా.

అప్పటికీ పాతదే వస్తుందంటే ఆ పిల్లోడు సొంతంగా వాల్‌పేపర్ మార్చుకోనుంటాడు, ఆ లాగిన్‌లోనే రెండు లైన్లకీ జీసెట్టింగ్స్ రీసెట్ (gsettings reset, సొంత సెట్టింగు తీసేసే కమాండ్) కొట్టాల.