వంతపాటగాడు చేసే పని

ప్రశ్న: నేను రాస్తున్న కథలో ఒక కరణం, ఆయన కూతురు ముఖ్యపాత్రలు. కరణానికి చిన్ననాటి స్నేహితుణ్ణి ఒకరిని కల్పించాను. రాతప్రతి చదివిన ఇద్దరూ ‘ఈయనకు కథలో పనేమిటి?’ అని అడిగారు. పాత్రకు పని ఉండడమంటే సంఘటనలను నడిపించడమేనా?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: కాదు. సంఘటనను నడిపించడం పాత్రలు చేసే పనుల్లో ఒకటి మాత్రమే. బుర్రకథ వేదికను ఒకసారి తలచుకోండి. తంబురా భుజాన వేసుకుని, వేళ్ళకు అందెలు తొడుక్కుని కథకుడు నడుమ నిలబడితే, చెరొక పక్కనా గుమ్మెట పట్టుకుని ఇద్దరు వంతలు ఉంటారు. కథ చెప్పేవాడు ఒక్కడే అయినప్పుడు ఆ ఇద్దరూ ‘తందాన తాన’ అనడానికే ఉన్నారని అనుకుంటాం గాని, వారిలో ఒకరిని హాస్యమనీ, మరొకరిని రాజకీయమనీ పిలవడంలోనే వారి పని ఏమిటో తెలుస్తుంది.

బొబ్బిలి కథే తీసుకోండి. 1757 జనవరిలో ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు కోటను చుట్టుముట్టాయని కథకుడు పాడుతుండగా, ‘ఇంతకీ బొబ్బిలి సేనాని పాపారాయుడు ఎక్కడున్నాడయ్యా?’ అని ఒక వంత అడిగాడనుకుందాం. ఆ ప్రశ్న అప్పటికే ముందు వరుసలో కూర్చున్న ముసలాయన నోటిదాకా వచ్చి ఆగి ఉంటుంది. వంత దాన్ని పైకి అన్నాడు, అంతే. కోట గోడ మీద ఒక రాయినైనా కదల్చని ఆ మనిషి, వినేవారి తరఫున వేదిక మీద నిలబడ్డాడు. రెండో వంత ఆ సందులోనే నేటి ఊరి సంగతి ఒకటి అంటించి వెళ్ళిపోతాడు. 1940ల్లో వామపక్ష కళాకారుల సంఘం ప్రజానాట్యమండలి ఈ కళను చేరదీయడానికి అదీ ఒక కారణమని నా అభిప్రాయం.

ఇక పాపారాయుడి సంగతి. కోట కూలే వేళకు ఆయన రాజాంలో ఉన్నాడు. వచ్చేసరికి కాపాడుకోవడానికి ఏమీ మిగలలేదు. కాబట్టి వీరుడిగా పేరు పొందిన ఆ పాత్రకు కథ అప్పగించిన మొదటి పని యుద్ధం చేయడం కాదు, ఆలస్యంగా రావడం! ఆయన ముందే కోటలో ఉండి ఉంటే ఈ కథను ఇంతసేపు ఊపిరి బిగబట్టి వినేవాళ్ళం కాము.

మీ కరణం స్నేహితుణ్ణి ఒకసారి తీసివేసి చదవండి. కరణం ఎవరికీ చెప్పుకోలేని మాట ఏదైనా, వినే మనిషి లేక, రచయిత నోట వివరణగా మారిపోతే ఆయన్ను తిరిగి రప్పించాలి. ఏమీ చెదరకపోతే మీ మిత్రులు అడిగింది న్యాయమే. ఉంచదలచుకుంటే, ఆయన చేత సలహాలు చెప్పించకండి. కరణం దాటవేయాలనుకునే ప్రశ్న ఒక్కటి అడిగించండి.

ప్రశ్న: ప్రతినాయకుడు లేకుండా కథ నిలబడుతుందా?
- ఒక పాఠకుడు, పార్వతీపురం

జవాబు: నిలబడుతుంది. కరువో, పరువో, సొంత మొండితనమో కూడా ఎదురు నిలవగలవు. అయితే ప్రతినాయకుణ్ణి పెట్టదలచుకుంటే, బలవంతుడికంటే దగ్గరివాడు బాగా పనికివస్తాడు. ఫిరంగులు బుస్సీవే అయినా, బొబ్బిలి కథలో శ్రోత పళ్ళు కొరికేది బుస్సీతో చేతులు కలిపిన పొరుగు విజయనగరం ప్రభువు విజయరామరాజు పేరు వినగానే. పాపారాయుడు కత్తి దూసి వెళ్ళింది కూడా బుస్సీ డేరాకు కాదు, విజయరామరాజు డేరాకే.