టెక్ సందేహాలు: బోల్టును కాంక్రీటుకు అతికించేస్తే లెక్క తప్పుతుంది

అంబాజీపేట నుంచి ఒక ఎంటెక్ విద్యార్థి: మా కొబ్బరి పీచు షెడ్డు స్తంభాన్నే ప్రాజెక్టుగా తీసుకున్నాను. 400 మి.మీ. చదరం పెడస్టల్ (స్తంభం కింది కాంక్రీటు దిమ్మ), ఎం25 గ్రేడు కాంక్రీటు, 200 మి.మీ. లోతు దిగిన నాలుగు ఎం20 (20 మి.మీ. వ్యాసం) బోల్టులు. అబాకస్ అనే విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌లో అన్నిటినీ 'టై'తో కలిపాను. గాలి లోడు ఎంత ఇచ్చినా బేస్ ప్లేటు (స్తంభం అడుగున ఉండే ఇనుప పలక) లేవడం లేదు. మెష్ (మోడల్‌ను విడగొట్టే చిన్న ముక్కల వల) చిన్నది చేసేకొద్దీ బోల్టు దగ్గర స్ట్రెస్ మాత్రం పెరుగుతోంది. ఏది నమ్మాలి?

రెండూ నమ్మొద్దు. టై అంటే జిగురుతో అతికించినట్టే. ప్లేటు కింద కాంక్రీటే లాగుడంతా మోసేస్తుంది, బోల్టుకు పనే ఉండదు. అసలు షెడ్డులో అలా జరగదు. 1996 నవంబరు తుపాను చూసిన కోనసీమ వాళ్లకు తెలుసు, గాలి రేకుల కప్పును పైకి ఎత్తుతుంది. లోడుల భారతీయ ప్రమాణం ఐఎస్ 875లో విజయవాడకూ విశాఖకూ ఇచ్చిన మూల గాలివేగం సెకనుకు 50 మీటర్లు. ఆ లాగుడంతా బోల్టుల్లోంచే దిగాలి. ప్లేటుకూ గ్రౌటుకూ (దాని కింద నింపే సిమెంటు పొరకూ) మధ్య విడిపోగల కాంటాక్ట్ పెట్టండి. ముందు నట్టు బిగింపు, తర్వాతి స్టెప్‌లో గాలి.

పదునైన మూల దగ్గర ఎలాస్టిక్ లెక్కలో స్ట్రెస్‌కు హద్దు ఉండదు, అందుకే మెష్‌తో పాటు పెరుగుతోంది. కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం ఎం25 వంగుడులో సుమారు 3.5 మెగాపాస్కల్ దగ్గరే బీటలిస్తుంది. కాబట్టి కాంక్రీటు పగలడాన్ని, నలగడాన్ని లెక్కలోకి తీసుకునే డ్యామేజ్ ప్లాస్టిసిటీ మోడల్ వాడండి. లాగుడు వైపు కాంక్రీటు గుణాన్ని స్ట్రెయిన్‌తో (సాగిన నిష్పత్తితో) కాకుండా ఫ్రాక్చర్ ఎనర్జీతో (పగులు తెరుచుకోవడానికి పట్టే శక్తితో) ఇవ్వండి, లేదంటే జవాబును మెష్ సైజే నిర్ణయిస్తుంది. లెక్క కన్వర్జ్ కావడం (ఒక జవాబుకు చేరడం) లేదని ఆ మోడల్‌లోని విస్కాసిటీ విలువను పెంచుకుంటూ పోతే కాంక్రీటు లేని బలం చూపిస్తుంది.

కంప్యూటర్ తెరిచే ముందు కాగితం మీద ఒక లెక్క వేయండి. అంచులకు దూరంగా ఉన్న ఒక్క బోల్టు ఈ లోతులో కాంక్రీటును శంకువులా పెకలించడానికి, అమెరికా కాంక్రీటు ప్రమాణం ఏసీఐ 318 సూత్రంతో సుమారు 126 కిలోన్యూటన్లు కావాలి. కానీ ఆ శంకువు పైన 600 మి.మీ. వెడల్పు ఉంటుంది. మీ పెడస్టల్ 400 మాత్రమే! నాలుగు బోల్టులూ కలిసినా ఆ 126 రాకపోవచ్చు. 4.6 గ్రేడు బోల్టు ఒక్కోటి 59 కిలోన్యూటన్ల దగ్గర సాగుతుంది, నాలుగూ కలిపి 235. అంటే ఇనుము సాగకముందే కాంక్రీటు ఒక్కసారిగా ఊడుతుంది. నాకు భయం అక్కడే. బోల్టుల పక్కనే నిలువు చువ్వలుండి, అవి బీటకు రెండు వైపులా తగినంత పొడవు దిగితేనే ఆ లాగుడును అందుకుంటాయి. అందుకే మోడల్‌లో చువ్వలు, రింగులు వదిలేయకండి. 'ఎంబెడెడ్' పెడితే చువ్వ జారదని సాఫ్ట్‌వేర్ అనుకుంటుంది, అది గుర్తుంచుకోండి.

కాకినాడ నుంచి మరొకరు: అబాకస్ లెర్నింగ్ ఎడిషన్ 1000 నోడ్ల (మెష్ బిందువుల) దగ్గర ఆగిపోతోంది.

సిమెట్రీతో సగం మోడల్ చేసినా పగుళ్ల పనికి అది చాలదు. కాలేజీ లైసెన్స్ అడగండి. కాంటాక్ట్, నట్టు బిగింపు నేర్చుకోవడానికైతే కాల్కులిక్స్ అనే లెక్కల ఇంజిన్ మీద నడిచే ప్రీపోమ్యాక్స్ ఉచితం, విండోస్‌లో నేరుగా పనిచేస్తుంది.