విడిగా ఉంచిన ప్రయోగశాల కోతికి జతను ఎలా కలపాలి?

రీసస్ కోతిని ఒంటరి బోనులో పెడితే వెంట్రుకలు పీక్కోవడం, ఉన్నచోటే గిరగిరా తిరగడం మామూలే. జత దొరికితే ఇవి చాలావరకు తగ్గుతాయి. అయితే వెంట్రుకలు రాలడానికి చర్మవ్యాధి, చూలు, రుతువు మార్పు కూడా కారణాలు కావచ్చు; ముందు పశువైద్యుడికి చూపించండి.

కలపబోయే కోతులు రెండింటికీ క్షయ పరీక్ష తప్పనిసరి: పైకనురెప్ప చర్మంలో 0.1 మి.లీ. ట్యూబర్‌క్యులిన్ (క్షయ క్రిముల నుంచి తీసిన పరీక్ష ద్రవం) ఎక్కించి 24, 48, 72 గంటలకు వాపు చూడాలి.

మొదట పారదర్శక పలకకు అటూ ఇటూ ఉంచండి. తర్వాత వేళ్లు మాత్రమే దూరే ఊచల అడ్డు. పెదాలు చప్పరించడం, పేలు చూసుకోవడం మొదలైతేనే అడ్డు తీయాలి. ఒకటి బెదిరిస్తే రెండోది తప్పుకోవడం మంచి గుర్తే, పెద్దాచిన్నా తేలిందన్నమాట. రెండూ ఎదురుతిరిగితే ఆపేయండి. మగకోతి కోరలు లోతుగా దిగుతాయి.

పోట్లాట ఎక్కువగా తిండి దగ్గరే. గిన్నెలు, నీటి గొట్టాలు రెండేసి, దూరదూరంగా పెట్టండి. సిబ్బంది తక్కువుండే సెలవు ముందురోజు ఈ పని పెట్టుకోవద్దు.

మిమ్మల్ని కరిచినా గీరినా బి వైరస్ (ఈ కోతుల్లో ఉండే, మనిషికి సోకితే ప్రాణాంతకం కాగల హెర్పిస్ వైరస్) ప్రమాదం ఉంది: వెంటనే 15 నిమిషాలు సబ్బునీటితో కడిగి, ఆ తర్వాతే ఆసుపత్రికి బయల్దేరండి.