చూశారు సరే, చేయగలరా? ఆన్‌లైన్ శిక్షణపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా మందుల ఫ్యాక్టరీలో కొత్తగా చేరినవాళ్ల కోసం, బ్యాచ్ రికార్డు (ఒక్కో విడత మందు తయారీ వివరాలు రాసే పత్రం) రాసే పద్ధతి మీద గంట వీడియో తీయించాం. ఎస్‌ఓపీ (పని చేయాల్సిన తీరు రాసిన పత్రం) మొత్తం అందులో చదివించాం. క్విజ్‌లో దాదాపు అందరికీ తొంభై పైనే వస్తున్నాయి. తీరా ప్రొడక్షన్‌లోకి వెళ్లాక అవే దిద్దుళ్లు, అవే కొట్టివేతలు. లోపం ఎక్కడుంది?
– శిక్షణ విభాగం ఉద్యోగి, పైడిభీమవరం

జవాబు: వీడియోలో కొంత, క్విజ్‌లో ఎక్కువ. వీడియో అయిన వెంటనే పెట్టే పరీక్షలో తెలిసేది ఇప్పుడే విన్నది గుర్తుందా లేదా అన్నంతవరకే. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన ప్రయోగంలో, పాఠాన్ని మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాతి పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత పెట్టిన పరీక్షలో మాత్రం, చదివింది చూడకుండా గుర్తుతెచ్చుకుని రాసినవాళ్లే ముందున్నారు. అందుకని పది ప్రశ్నలూ ఒకే రోజు ఖర్చు చేయకండి. ఆ రోజు నాలుగు, వారం తర్వాత మూడు, నెల తర్వాత మూడు పెట్టండి.

ఇక పాఠం సంగతి. ఎస్‌ఓపీని కాసేపు పక్కనపెట్టి, క్యూఏ (నాణ్యత విభాగం) వాళ్ల దగ్గర గత ఏడాది డీవియేషన్ల (పద్ధతి తప్పిన సందర్భాల) జాబితా తీసుకోండి. తరచూ జరిగే తప్పులు నాలుగైదు తేలతాయి. ముందు వాటి మీద ప్రశ్నలు రాయండి. ఆ ప్రశ్నలకు జవాబు చెప్పగలగడానికి ఏం చూపించాలో అదే వీడియో తీయండి. ఒక్కో పనికి ఒక్కో ముక్క, నాలుగైదు నిమిషాలు చాలు. తెర మీద కనబడే వాక్యాన్నే గొంతుతో చదివించడం మానండి. కన్ను ఒక వేగంతో పోతుంది, చెవి ఇంకో వేగంతో, మనిషి రెంటికీ చెడతాడు.

“దిద్దిన అంకె పక్కన సంతకం అవసరం, అవునా కాదా?” అంటే ఏమీ తెలియనివాడూ అవునంటాడు. దాని బదులు ఇలా అడగండి: “బ్యాలెన్స్ 25.4 కిలోలు చూపింది, మీరు 24.5 రాసేశారు. ఇప్పుడేం చేస్తారు?” జవాబులు: అంకెల మీదే దిద్దడం, వైట్‌నర్ పూయడం, గీత కొట్టి కొత్త అంకె రాసి ఊరుకోవడం, లేదా పాత అంకె కనబడేలా ఒకే గీత కొట్టి, సరైన అంకె, పొట్టి సంతకం, తేదీ, కారణం రాయడం. మొదటి మూడూ మీ దగ్గర నిజంగా జరుగుతున్న తప్పులై ఉండాలి; కూర్చుని ఊహించినవాటిని ఎవరూ ఎంచుకోరు. ఇందులోనూ ఒక చిక్కుంది చూశారా? సరైనదే పొడుగ్గా ఉంది. విషయం తెలియనివాళ్లు పొడుగుదాన్నే నొక్కుతారు. మిగతావాటినీ ఆ పొడవుకు తేవాలి. తప్పు నొక్కినవాళ్లకు “తప్పు” అని మాత్రమే చూపకండి. వైట్‌నర్ కింద ఏముందో ఆడిటర్‌కు కనబడదు, దాచారనుకుంటాడు అని కారణం రాయండి.

క్విజ్ అందరికీ ఒకటే అయితే మధ్యాహ్నానికల్లా స్క్రీన్‌షాట్ వాట్సాప్‌లో తిరుగుతుంది. ముప్పై ప్రశ్నలు నిల్వ ఉంచి, ఒక్కొక్కరికీ పది యాదృచ్ఛికంగా వచ్చేలా పెట్టండి. అయినా సరే, క్విజ్ పాసయ్యాడని రికార్డు చేతికివ్వకూడదు. సూపర్‌వైజర్ ఎదురుగా ఒకసారి రాయించి, చెక్‌లిస్టులో సంతకం పెట్టాకే ఇవ్వాలి.

ప్రశ్న: మా పిల్లలకు చాలామందికి ఇంట్లో ఒకటే ఫోను, సిగ్నల్ అంతంతమాత్రం. నేను పంపే పాఠాలు దిగవు. దిగినా కొన్నిటిలో తెలుగు అక్షరాలు విడివిడిగా కనబడుతున్నాయి.
– ఉపాధ్యాయురాలు, మందస

జవాబు: అమ్మా, ఫోన్‌తో 1080పిలో తీస్తే ఒక్క నిమిషమే తరచూ నూరు ఎంబీ దాటుతుంది. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 480పి, సెకనుకు 15 ఫ్రేములు, వీడియో 400 కేబీపీఎస్, ఆడియో మోనో 64 కేబీపీఎస్ పెట్టండి. నిమిషానికి మూడున్నర ఎంబీ అవుతుంది, అంటే ఐదు నిమిషాల పాఠం 18 ఎంబీలోపే. స్లైడ్లు కదలవు కాబట్టి 15 ఫ్రేములు ధారాళం. గొంతు మాత్రం స్పష్టంగా ఉండాలి. బొమ్మ మసకైనా పిల్లలు సర్దుకుంటారు, మాట వినబడకపోతే కట్టేస్తారు. స్లైడుకు ఆరు వరుసలు మించితే చిన్న తెర మీద ఒత్తులు పై వరుసతో కలిసిపోతాయి, ఫ, ఘ తేడా తెలియదు.

అక్షరాల గొడవకు కారణాలు రెండు. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లతో కొట్టించినది ఫోన్‌లో పిచ్చిగీతల్లా వస్తుంది. దాన్ని అన్ని ఫోన్లూ చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చాలి. రెండోది, కొన్ని వీడియో ఎడిటర్లకు ఒత్తులు కలపడం చేతకాదు. అక్కడ టైపు చేయకుండా, స్లైడును పీఎన్‌జీ బొమ్మగా సేవ్ చేసి వీడియోలో పెట్టండి.

మూడుల్ అనే ఆన్‌లైన్ కోర్సుల యాప్ వాడితే పాఠం సిగ్నల్ ఉన్నచోట దించుకుని ఇంట్లో చూడొచ్చు. క్విజ్ కూడా ఆఫ్‌లైన్‌లో రాయొచ్చు, కాకపోతే సెట్టింగుల్లో ఆ అనుమతి ఇవ్వాలి, టైం లిమిట్ తీసేయాలి, ఫలితం చివర్లో వచ్చే పద్ధతి ఎంచాలి. ఇంకొకటి: తెలుగులో టైపు చేసే జవాబులు అడగకండి. “సాఫ్ట్‌వేర్” అనే మాటనే ఒకరు మధ్యలో కనబడని అక్షరంతో, మరొకరు అది లేకుండా కొడతారు. కంటికి తేడా అంతగా ఉండదు, కంప్యూటర్ మాత్రం సున్నా వేస్తుంది.

ప్రశ్న: స్కార్మ్ ప్యాకేజీ (ఒకే జిప్‌లో కట్టిన ఆన్‌లైన్ కోర్సు) అప్‌లోడ్ చేస్తే మ్యానిఫెస్ట్ (లోపల ఏమున్నాయో చెప్పే జాబితా ఫైలు) లేదని ఎర్రర్. ఫైలు అందులోనే ఉంది!
– శిక్షణ సంస్థ నిర్వాహకుడు, విజయనగరం

జవాబు: ఫోల్డర్‌ను జిప్ చేసి ఉంటారు. ఫోల్డర్ తెరిచి, లోపలి ఫైళ్లన్నీ ఎంచుకుని జిప్ చేయండి, ఐఎంఎస్‌మ్యానిఫెస్ట్.ఎక్స్‌ఎంఎల్ (imsmanifest.xml) అనే ఆ ఫైలు ఏ ఫోల్డర్‌లోపలా కాకుండా జిప్‌లో పైనే ఉండాలి. స్కార్మ్ 1.2 అయితే విద్యార్థి ఎక్కడ ఆగాడో గుర్తుంచుకునే జాగా 4,096 అక్షరాలే. కోర్సు పెద్దదైతే మళ్లీ తెరిచినప్పుడు మొదటికొస్తుంది. అలా జరిగితే కోర్సును ముక్కలు చేయండి, లేదా స్కార్మ్ 2004 మూడో ఎడిషన్‌లో ఎగుమతి చేయండి. అందులో 64,000 అక్షరాల దాకా పడుతుంది.